ఎండుకట్టె మీది విసనకర్రలు

దసరా రాత్రి దేవరగట్టు అంటే కర్రలే. మాళమల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్లు కర్రలతో గట్టెక్కి తలపడతాయి. బన్ని అంటే కన్నడంలో జమ్మి. ఇక్కడ చెప్పబోయేది ఆ కర్రల గొడవ కాదు, కర్రను తిని బతికే ఒక జీవి సంగతి.

వానకు నానిన తుమ్మమొద్దునో, ఇంటి వెనక వంటచెరకునో తిప్పి చూడండి. గోరంత నుంచి బొటనవేలంత దాకా, కాడ లేని విసనకర్రలు వరసగా అంటుకుని ఉంటాయి. పైన తెల్లటి నూగు. కింద లేత గులాబీ రంగు మడతలు, ఒక్కో మడతా అంచున నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండ ముదిరితే ఆ చీలికలు బయటికి ముడుచుకుని బీజాలు పుట్టే చోటును కప్పేస్తాయి. వాన పడితే మళ్లీ విప్పుకుంటాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు మబ్బుల కోసం ఆకాశం చూసేవాళ్లకు ఈ ఓపిక కొత్త కాదు.

1815లో స్వీడన్ శాస్త్రవేత్త ఫ్రీస్ దీనికి స్కిజోఫిల్లమ్ కమ్యూన్ అని పేరు పెట్టాడు. మొదటి మాటకు చీలిన ఆకు అని, రెండోదానికి సర్వసాధారణమని అర్థం. మనం కుక్కగొడుగని తోసేస్తాం, మణిపూర్‌లో కాంగ్లాయెన్ అని ఇష్టంగా వండుకుంటారు.

శాస్త్రవేత్తలు నమూనాగా దాచాలంటే, పువ్వునైతే కాగితాల మధ్య అదిమి అట్టకు అంటిస్తారు. పుట్టగొడుగును అలా అదిమితే రూపం పోతుంది. అందుకే ఆరబెట్టి, మడిచిన కాగితపు పొట్లంలో దాస్తారు. ఏ చెట్టు మీద, ఏ ఊళ్లో, ఏ రోజు, ఎవరు తీశారు అన్నది పైన రాస్తారు. నన్నడిగితే లోపలి సరుకు కన్నా ఆ నాలుగు ముక్కలే విలువైనవి. చీటీ లేని నమూనా చెత్తతో సమానం. సామర్లకోటలో మొక్కలు సేకరించిన రాక్స్‌బర్గ్ తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు కాబట్టే ఆయన రాతలు నేటికీ మనకు పనికొస్తున్నాయి.

శిలీంధ్రాలకు ఆ మర్యాద దక్కడానికి మన దేశంలో 1905 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది బీహార్‌లోని పూసాలో, అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థలో, శిలీంధ్ర శాస్త్రవేత్త ఎడ్విన్ బట్లర్ నమూనాల భాండాగారం మొదలుపెట్టాడు. 1934 భూకంపానికి పూసా దెబ్బతింటే, రెండేళ్లకు ఆ సంస్థ ఢిల్లీకి తరలింది. పేరు మాత్రం వదల్లేదు, ఢిల్లీలోనూ అది పూసాయే. దేశంలో అప్పటికి తెలిసిన శిలీంధ్రాల జాబితాను బట్లర్, మరో శిలీంధ్ర శాస్త్రవేత్త బిస్బీ కలిసి 1931లో పుస్తకంగా తెచ్చారు.

ఈ బిస్బీ చేతికే మరో పొట్లం లాంటిది వచ్చింది. కెనడాలో ఆయన సహచరుడు బుల్లర్ ఈ విసనకర్రలనే ఎండబెట్టి, గాలి తీసేసిన గాజుగొట్టాల్లో మూసిపెట్టాడు. 34 ఏళ్ల తర్వాత, 1945లో, గొట్టం తెరిచి తడి తగిలిస్తే ముడుచుకున్న మడతలు విప్పుకున్నాయి. ఎండిన నమూనా బతికే ఉంది. బుల్లర్ అంతకు ముందు ఏడాదే పోయాడు.