కారల్లము: ఒక రాతిమొక్క చరిత్ర

బెజవాడ గవర్నర్‌పేటలో ఎత్తైన మేడ యెక్కి పడమటి దిక్కునకు చూచినచో ఇంద్రకీలాద్రి కనబడును. దాని పాదమున కృష్ణ; ఇవతల కాలువలు పాఱెడు నల్లరేగడి. మన డెల్టావారికి నేల యనగా రేగడియే. కొండ యనగా దేవుని చూచుటకు ఎక్కునది, లేనిచో రాయి కొట్టుకొని వచ్చునది. 1852 మొదలు 1855 వఱకు కృష్ణపై ఆనకట్ట కట్టినపుడు రాయి ఈ యిరుదరుల కొండలనుండియే తెచ్చిరి. అట్టి రాతి పగుళ్ళలో పిడికెడు మన్ను పట్టుకొని బ్రదుకు చిన్నమొక్కలను తలచినవారు మనలో తక్కువ. అట్టివానిలో నొకదాని కథ నేడు చెప్పెదను.

ముందుగా సీమవారి రాతితోటల మాట కొంత చెప్పవలయును. ఐరోపాలో ఆల్ప్సు అను మంచుకొండలు కలవు. చెట్లు పెరుగుట మానిన ఎత్తున, జానెడైనను లేని మొక్కలు రాళ్ళనంటి యుండును. శీతకాలమెల్ల మంచుక్రింద నిద్రించి, వసంతమున మంచు కరగగానే గుప్పున పూయును. వీనిని తమ తోటలలో పెంచవలెనని సీమవారికి మక్కువ కలిగెను. మామూలు మడిలో నాటినవి కుళ్ళిపోయెను. చలికోర్వలేక కాదు, మొదట నిలిచిన తేమ కోర్వలేక. అందుచే రాళ్ళు పేర్చి, సందులలో ఇసుకయు గులకయు కలిపిన మన్ను నింపి, నీరు నిలువక జాఱిపోవునట్లు చేసిరి. రాతితోటలోని కిటుకు ఇంతియే. అందము తరువాతి మాట.

అట్టి తోటలలో మిక్కిలి పాతది యొకటి లండనులోని చెల్సీ ఓషధివనమున నున్నది. దానిని 1773లో కట్టిరి. అందలి రాళ్ళలో కొన్ని ఐసులాండు దీవి అగ్నిపర్వతమునుండి వచ్చినవి. జోసెఫ్ బ్యాంక్సు అను పండితుడు 1772లో ఆ దీవికి పోయి, తిరిగి వచ్చునపుడు ఓడ తూలకుండుటకై అడుగున వేసికొనివచ్చిన రాళ్ళవి. ఈ బ్యాంక్సు పేరు జ్ఞాపకముంచుకొనుడు.

ఇక మన దేశమునకు వత్తము. విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు వైద్యుడు 1776లో కుంఫిణీ కొలువున చెన్నపట్టణము చేరెను. 1781లో సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తా తోటకు పోవువఱకు ఆ ప్రాంతముననే యుండెను. మిరియము, నీలిమందు పెంచు ప్రయత్నములు చేసెను. వృత్తిచే వైద్యుడే గాని మనసంతయు మొక్కలమీదనే. కనబడిన దానినెల్ల మనదేశపు చిత్రకారులచేత వ్రాయించి, తెలుగువారు దానినేమందురో తెలిసికొని ఆ పేరును ప్రక్కన చేర్చెడివాడు. 1787లో వచ్చిన ముంపులో అతని పుస్తకములు, కాగితములు, ఎండబెట్టి దాచిన మొక్కలు నాశనమయ్యెను. ఉప్పెన యన నెట్టిదో 1864లో బందరును, 1977లో దివిసీమను పోగొట్టుకొన్న మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అతడు మరల మొదటినుండి ఆరంభించెను. ఆ మనిషియందు నాకు గౌరవము కలిగినది ఇచ్చటనే.

ఆ పటములు లండను చేరగా, వానినుండి ఏఱి అచ్చు వేయించు పనిని చూచినవాడు మన బ్యాంక్సే. ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను ఆ గ్రంథము మొదటి సంపుటము 1795లో వెలువడెను. మూడు సంపుటములు ముగియుసరికి 1820 అయ్యెను. మొత్తము 300 పటములు. అందు మోదుగ కలదు, తీగమోదుగ కలదు, మనవారు బంక తీయు తపసిచెట్టు కలదు. వానినడుమ ఒక చిన్న రాతిమొక్కయు కలదు.

నాలుగు పలకల కండగల కాడ. పైకి పోయినకొలది సన్నబడును. ఆకులు పేరునకు మాత్రమే. కొనయందు ఊదారంగు చిన్నిపువ్వులు తలవంచుకొని యుండును. జిల్లేడు దీని దాయాది. గింజకు దానివలెనే పట్టుకుచ్చు ఉండి గాలిలో ఎగిరిపోవును. రాక్స్‌బర్గు దీనికి ‘స్టపీలియా అడ్సెండెన్సు’ అని లాటిను పేరు పెట్టి, తెలుగువారు ‘కార్‌-అల్లం’ అందురని వ్రాసెను. కాడలను పచ్చిగనే తిందురనియు చెప్పెను. 1810లో రాబర్టు బ్రౌను అను పండితుడు దీనికి వేఱొక జాతిని కల్పించి, ఆ తెలుగు మాటకే లాటిను తొడుగు తొడిగి ‘కారల్లూమా’ అనెను. తరువాత ఆఫ్రికాలోను అరేబియాలోను దొరికిన పెక్కు మొక్కలకు ఆ పేరే తగిలినది.

పిమ్మట కొందఱు ఇది అరబ్బీ మాటయనియు, పువ్వు కంపునుబట్టి మాంసపు పుండు అను అర్థమున వచ్చినదనియు వాదించిరి. ఆ వాదము నిలుచునది కాదు. పేరు తెలుగువారిదని 1795 నాటి పుస్తకముననే అచ్చుపడియున్నది. అంతకంటె దస్తావేజు ఏమి కావలయును? అయినను మన పల్లెలలో నేడు ‘కుందేటి కొమ్ములు’ అన్న పేరు అక్కడక్కడ వినబడునుగాని, కారల్లమన్న మాట వినబడుట లేదు. దేశదేశముల రాతితోటల చీటీలమీద బ్రదికియున్న మాట పుట్టినచోట చచ్చుచున్నది. ఆ కాడల సారమును ఆకలి నణచు మందని అమ్ముచున్నారు. మొక్క పేరు మాత్రము అమ్మువానికిని కొనువానికిని అక్కఱలేదు. గొఱ్ఱెలు కాచిన ముసలివారు మీ ఊరనున్నచో, దీనిని వారేమనెడివారో అడిగి వ్రాసియుంచుడు. రాక్స్‌బర్గు చేసినదియు ఈ పనియే.

మంచుకొండ మొక్కను తెచ్చి బెజవాడ ఎండలో పెట్టినచో చైత్రము దాటదు. మన రాతిమొక్కల నిద్ర ఎండకాలమున. వాని వసంతము తొలకరి. కావున కారల్లమును పెంచ దలచినవారు తొలకరికి ముందు మోకాలెత్తు రాళ్ళదిబ్బ కట్టవలయును. అడుగున ఇటుకముక్కలు, పైన ముతక ఇసుక రెండు పాళ్ళు, ఎఱ్ఱమన్ను ఒక పాలు. రేగడి చిటికెడైనను కలుపరాదు. కొండమీద ఇది ముళ్ళపొదల నీడను పెరుగును గనుక నడిమి యెండ తగులని చోటు మేలు. మొక్కను వేళ్ళతో పెఱుకక ఒక కాడను మాత్రమే కోసికొని, కోతచోటు ఎండువఱకు నాలుగైదు దినములు నీడలో ఉంచి నాటవలయును. మన్ను పూర్తిగ ఎండిన పిమ్మటనే నీరు పోయవలయును. అదియు చెంబెడు చాలును.