బ్లాక్‌మెయిల్‌కి మన సీమలో పాత పేరు ఏంటో తెలుసా?

మాది కర్నూలు అని చెప్తే చాలు, "మీ ఊళ్లో బాంబులేస్తారంట కదా బ్రో" అంటారు. తప్పు వాళ్లది కాదు. 1999లో సమరసింహారెడ్డి, 2003లో ఒక్కడు, ఇలా వరసగా చూసి పెరిగాం. పగ గురించి గంటలు గంటలు చూపించారు. మరి ఆ సుమోలకి, మనుషులకి డబ్బు ఎవరు కట్టారు? ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట కథ. బ్లాక్‌మెయిల్ అంటే మనకి ఫోటోలు పెట్టి బెదిరించడం. కానీ 16వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులో ఆ మాటకి అర్థం వేరు. పంటని, పశువుల్ని దోచుకోకుండా ఉండటానికి రైతులు ముఠాలకి కట్టే కప్పం అది. అక్కడి భాషలో 'మెయిల్' అంటే శిస్తు. ఉత్తరాలతో సంబంధమే లేదు.

అచ్చం అలాంటిదే మన దగ్గరా ఉండేది. దాని పేరు కావలి. విజయనగరం పడిపోయాక బలపడిన పాలెగాళ్లు ఊరికి కాపలా కాస్తామని రుసుం వసూలు చేసేవాళ్లు. నిజంగా కాపాడినవాళ్లూ ఉన్నారు. కానీ కట్టని ఊరి మీద వాళ్ల మనుషులే పడి దోచిన సందర్భాలూ ఉన్నాయి.

1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకి ఎదురైన పాలెగాళ్లు 80 మంది. విచిత్రం ఏంటంటే, మన్రో కూడా స్కాట్లండ్ మనిషే! వాళ్ల బలం తీసేసి, కొందరికి భరణాలతో సరిపెట్టారు. మరి బెదిరింపు ఆగిందా? 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలని ఏళ్ల తరబడి కోట మీద వేలాడదీశారు. ఊళ్లన్నీ చూసి భయపడాలనే కదా!

పాలెగాళ్ల నుంచే ఫ్యాక్షన్ నేరుగా వచ్చిందంటే సగమే నిజం. తర్వాత ఊరి పెత్తనం రాజకీయాల్లోకి వెళ్లింది. సారా పాటలు, రోడ్డు కాంట్రాక్టులు, గనులు దానికి తోడయ్యాయి. అప్పటి కడప జిల్లాలోని మంగంపేటలో ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. వానలు పడని నేలలో వ్యవసాయం మీద ఎంతొస్తుంది? డబ్బంతా ఇక్కడే ఉంది. పోటీగా ఇంకొకడు టెండర్ వెయ్యకుండా చూసుకుంటే చాలు, ఆ భయమే పెట్టుబడి.

ఈ లెక్క సినిమాలో ఉండదు. అందుకే అంతా పౌరుషంలా కనిపిస్తుంది. నిజంగా పోయింది ఎక్కువగా నాయకులు కాదు, వాళ్ల వెంట తిరిగిన కూలోళ్లు, చిన్న రైతులు. వాళ్ల ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల గురించి 2018లో అరవింద సమేత కొంచెం మాట్లాడింది.

ఈసారి తొడ కొట్టే రీల్ షేర్ చేసేముందు ఒక్కసారి ఆలోచించండి, ఆ గొడవలో లాభం ఎవరికి మిగిలిందో. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.