చర్చి కింద కుంపటి

1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఎనియాక్‌ను లోకానికి చూపించింది. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులతో, సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తుతో నడిచిన ఆ యంత్రం చేసిన లెక్కలు చిల్లుల కార్డుల మీద మిగిలాయి. విద్యుత్తు మాత్రం వేడిగా మారి, పంకాలు తోసిన గాలిలో కలిసిపోయింది. నాటినుండి కంప్యూటర్ల చరిత్రను మనం వేగపు చరిత్రగానే చెప్పుకుంటున్నాం. అది వేడిని వదిలించుకోవడానికి పడిన పాట్ల చరిత్ర కూడా. ట్యూబులు పోయి చిప్పులు వచ్చినా, యంత్రం తిన్న విద్యుత్తు చివరకు వేడిగానే బయటపడుతుంది. దాన్ని సాగనంపడానికి మళ్ళీ విద్యుత్తు కావాలి.

చలిదేశాలలో ఒకపక్క ఇళ్ళ కోసం బొగ్గు తగలబెడుతూ, మరోపక్క ఈ వేడిని గాలికి వదలడం వింతగా తోస్తుంది. కానీ దానికి కారణం ఉంది. సర్వర్ల నుండి వచ్చే గాలి గోరువెచ్చనిది; దూరం మోసుకుపోలేనిది. ఆ వేడిని నీటిలోకి ఎక్కించాలి, ఉష్ణోగ్రత పెంచాలి, ఇంటింటికీ చేర్చే గొట్టాలుండాలి.

ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో ఈ మూడూ కుదిరాయి. అక్కడ వీధుల కింద వేడినీటి గొట్టాలు వేయడం 1950లలోనే మొదలైంది. 2006లో, కవయిత్రి కత్రి వాలా పేరిట ఉన్న ఉద్యానవనం కింద పెద్ద హీట్ పంపుల కేంద్రం వెలసింది. శుద్ధిచేసిన మురుగునీటిలో మిగిలిన కాస్త వేడినీ కూడదీసి, గొట్టాలకు తగినంతగా పెంచడం దాని పని. ఆ దారిలోనే 2010లో, 1868 నాటి ఉస్పెన్‌స్కీ చర్చి కింద, రెండవ ప్రపంచయుద్ధకాలంలో బాంబుల నుండి తలదాచుకోవడానికి రాతిలో తొలిచిన గుహలో సర్వర్లను పెట్టారు. వాటిని చల్లబరిచిన నీరు ఆ వేడిని నగరపు గొట్టాలకు అప్పగించింది. సుమారు 500 ఇళ్ళకు చాలుతుందని నాటి అంచనా.

2025లో హెల్సింకి బొగ్గుకు స్వస్తి చెప్పింది. ఆ ఘనత సర్వర్లది కాదు. విద్యుత్తు, కట్టె, హీట్ పంపులు, వృథా వేడి అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. నిజానికి ఈ కథకు నాయకుడు కంప్యూటర్ కాదు, అర్ధశతాబ్దం ముందే వేసిన గొట్టం. పొరుగువాడి ఇంటికి దారి ఉన్నందువల్లనే వృథా కాస్తా వనరయింది.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని ప్రకటించింది. విశాఖలో ఇళ్ళకు వెచ్చదనం అక్కరలేదు. అటువంటి గొట్టాలూ లేవు. హెల్సింకి జవాబు మనకు అతకదు. అక్కడివారు వేసుకున్న ప్రశ్న మాత్రం మనదే: ఈ వేడి ఎవరికి పనికొస్తుంది? కట్టడం పూర్తయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.