దృశ్యకళ: మూలాంశాలు, రచనా సూత్రాలు

రేఖ, ఆకారం, ఘనరూపం, రంగు, వెలుగునీడలు, టెక్స్చర్, ఖాళీ జాగా. వీటిని దృశ్యకళకు మూలాంశాలంటారు. వీటిని కూర్చడంలో పాటించే సమతూకం, వైరుధ్యం, లయ, ప్రాధాన్యం, అనుపాతం, ఏకత్వం వంటివి రచనా సూత్రాలు. పాఠ్యపుస్తకాలు వీటిని ఏ దేశానికైనా, ఏ కాలానికైనా చెల్లే వర్ణమాలగా పరిచయం చేస్తాయి. నిజానికి ఈ జాబితా ఇప్పటి రూపు దిద్దుకున్నది 19వ శతాబ్ది ద్వితీయార్ధం నుంచి 20వ శతాబ్ది తొలి దశకాల లోపే. దాన్ని మలచింది బొమ్మలు వేసేవారి అవసరం కన్నా, వేయడం నేర్పేవారి అవసరమే ఎక్కువ.

అంతకుముందు జాబితాలు లేకపోలేదు. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్య చిత్రానికి ఆరు అంగాలు (షడంగాలు) చెబుతుంది: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. 6వ శతాబ్ది నాటి చైనా విమర్శకుడు షియే హో చెప్పిన ఆరు సూత్రాల్లో మొదటిది బొమ్మలో ప్రాణం తొణికిసలాడటం, చివరిది పూర్వుల చిత్రాలకు నకళ్లు తీయడం. 1435లో ఇటలీకి చెందిన అల్బెర్తీ చిత్రకళను అంచుగీత, కూర్పు, వెలుగు పడే తీరు అని మూడుగా విడదీశాడు. అతని దృష్టిలో అవన్నీ ఒక కథను చూపరి మనసుకు హత్తుకునేలా చెప్పడానికే. ప్రమాణం, వర్ణికాభంగం అంటే నేటి అనుపాతం, రంగు కాదా, షడంగాలు ఈ జాబితాకే పాత పేర్లు కదా అనేవారున్నారు. ఆ రెండింటి వరకు ఒప్పుకోవచ్చు. భావానికీ సాదృశ్యానికీ మాత్రం కొత్త జాబితాలో చోటు లేదు. బొమ్మ దేనిది, చూసినవారికి ఏమనిపించాలి అన్న ప్రశ్నలనే అది పక్కన పెట్టింది.

వాటిని పక్కన పెట్టించింది కర్మాగారం, బడి. 1851 లండన్ మహా ప్రదర్శనలో యంత్రాలు చేసిన వస్తువుల మీది అలంకరణ ఎంత గందరగోళంగా ఉందో బయటపడింది. అక్కడి భారతీయ వస్త్రాల కూర్పు మాత్రం బ్రిటిష్ డిజైనర్ ఓవెన్ జోన్స్‌ను ఆకట్టుకుంది. అతని ‘గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’ 1856లో 37 సూత్రాలతో వెలువడింది. తీగలకూ గళ్లకూ కథ అక్కర్లేదు కాబట్టి అక్కడ నియమాలు తేలిగ్గా విడివడ్డాయి. అసలు మలుపు అమెరికా కళాబోధకుడు ఆర్థర్ వెస్లీ డౌ 1899లో ప్రచురించిన ‘కంపోజిషన్’. చూసింది చూసినట్టు గీయించే పాత బోధన మీద విసుగుతో అతడు రేఖ, నోటాన్, రంగు అనే మూడింటినే మూలాంశాలుగా నిలిపాడు. నోటాన్ అంటే చీకటివెలుగుల పొందిక. ఆ భావన జపాన్ కళ నుంచి తెచ్చుకున్నది. అమెరికా బడుల ‘విశ్వజనీన’ పాఠానికి పుట్టిల్లు సగం జపానే అన్నమాట. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ కళాపాఠశాల ఇంకో అడుగు వేసింది. అక్కడ బోధించిన ఇట్టెన్ ప్రాథమిక తరగతిలో విద్యార్థులు వైరుధ్యాలనూ పదార్థాల స్పర్శనూ అభ్యసించారు. 1926లో అక్కడి మరో అధ్యాపకుడు కాండిన్స్కీ బిందువు నుంచి రేఖకు, రేఖ నుంచి తలానికి సాగే పుస్తకం రాశాడు.

ఇదంతా బడి కల్పనే అయితే కన్ను దాన్ని ఎందుకు సమర్థిస్తుందన్నది గట్టి ఆక్షేపణ. దగ్గరగా ఉన్నవాటినీ, ఒకలా ఉన్నవాటినీ చూపు ఒక గుంపుగా పట్టుకుంటుందని 1923లో మనస్తత్వ శాస్త్రవేత్త వెర్ట్‌హైమర్ వివరించాడు. మెదడులో కొన్ని కణాలు ఫలానా వాలులో ఉన్న గీతకే స్పందిస్తాయని నాడీశాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజెల్ తర్వాత ప్రయోగాలతో చూపారు. కాదనలేం. కానీ కన్ను గుంపు కడుతుందన్నది వాస్తవం, బొమ్మలో ఏకత్వం ఉండాలన్నది అభిరుచి. మొదటిదాన్నుంచి రెండోది రాదు. పైగా శరీరధర్మం ఒక్కటే కారణమైతే జాబితా నిలకడగా ఉండాలి. డౌకు మూడు మూలాంశాలు, నేటి పుస్తకాల్లో సాధారణంగా ఏడు. డౌ సూత్రాల్లో మొదటివైన ‘ఎదురు’, ‘సంధి’ ఇప్పటి జాబితాల్లో అరుదు.

భారతదేశంలో రెండు పరంపరలూ ఒకే కాలంలో ఎదురుపడ్డాయి. చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ షడంగాల మీద వ్యాసాలు రాసిన కొన్నేళ్లకే, 1922 డిసెంబరులో, బౌహౌస్ కళాకారుల చిత్రాలు కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయి. సంస్థల్లో నెగ్గింది బౌహౌస్ పాఠమే. 1961లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థ పునాది తరగతి ఆ వారసత్వంలోదే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు మాత్రం ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపుతో అంచుగీత గీసేటప్పుడు, అది రాముడిదా రావణుడిదా అన్నది పక్కన పెట్టి రేఖను విడిగా నేర్చుకోరు.