తులం సీసం బలమెంత?
(రివాల్వరు వేట తూటాల పరీక్షల చరిత్ర)

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పింఛను సవరణలు, తీర్థయాత్రలు, ఆరోగ్య సూత్రాలు రాసే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు కనుక, ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎత్తుకుంటున్నాను. కలెక్టరేటులో నేను మేజిస్టీరియల్ సెక్షనులో పనిచేసిన కాలంలో ఆయుధ లైసెన్సుల రిజిస్టరు నా బల్లమీదే ఉండేది. ఆయుధం రకం, బోరు, నంబరు, ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు, అన్నిటికీ గడులుండేవి. ఆ తూటాకు బలమెంత అన్న గడి మాత్రం లేదు. ఆ గడి నింపడానికి లోకంలో ఎవరెవరు ఏ తిప్పలు పడ్డారో విరమణ తరువాత తీరికగా చదువుకున్నాను.

మొదటిపేరు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయునిది. 1742లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ఒక ఉపాయం చెప్పాడు. బరువైన చెక్కదిమ్మెను ఊయలలాగ వేలాడదీసి దానిలోకి గుండు కాల్చాలి. దిమ్మె ఎంత వెనక్కు ఊగిందో కొలిస్తే గుండు వేగం లెక్కకు వస్తుంది. అంతకుముందు తుపాకీ బలమంటే పేల్చినవాడు చెప్పిన మాటే. ఈ రాబిన్స్ తరువాత ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేసే ఇంజనీరుగా మన తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. మన పాఠ్యపుస్తకాల్లో క్లైవు పేరున్నంతగా ఈయన పేరు లేకపోవడం నాకు వింతగా తోస్తుంది. తరువాతి శతాబ్దంలో బెల్జియం సైనికాధికారి లె బూలాంజే, గుండు దారిలో రెండుచోట్ల విద్యుత్తీగలు కట్టి, అవి తెగిన వ్యవధినిబట్టి వేగం తేల్చే యంత్రం చేశాడు. ఇంగ్లండులో ఆండ్రూ నోబుల్ చిన్న రాగి స్తంభం ఎంత నలిగిందో చూసి తుపాకీ లోపలి ఒత్తిడిని కొలిచాడు. వేగం, ఒత్తిడి: ఈ రెండు లెక్కలమీదే తరువాతి కథంతా నడిచింది.

చేతి తుపాకీతో వేట ఏమిటని అడగవచ్చు. మన దేశంలో తెల్లదొరలు ఏనుగు అంబారీమీద పులివేటకు పోయేటప్పుడు, పులి పైకెగిరితే కాల్చడానికి లావుపాటి రెండు గొట్టాల పిస్తోలు పక్కన పెట్టుకునేవారు. దానికి అంబారీ పిస్తోలనే పేరు. అది ప్రాణంమీదికి వచ్చినప్పటి ఆయుధమే తప్ప వేట ఆయుధం కాదు. మనకు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో వినోదపు వేటకు తలుపులు మూతపడ్డాయి. రివాల్వరునే అసలు ఆయుధంగా పట్టుకుని దుప్పినీ ఎలుగునూ కొట్టాలన్న పట్టుదల అమెరికాలో పుట్టింది.

1935లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ .357 మాగ్నమ్ అనే రివాల్వరును, వించెస్టర్ వారి తూటాతో కలిపి విడుదల చేసింది. పాత .38 స్పెషల్ తూటా డొల్లనే అంగుళంలో సుమారు ఎనిమిదోవంతు పొడిగించారు. పొడిగింపు మందు పట్టడానికి కాదు. పాత బలహీనమైన తుపాకీలో ఈ కొత్త తూటా దూరకూడదని. ఎవరో జాగ్రత్తగల మనిషి చేసిన పని! కంపెనీ ఉపాధ్యక్షుడు డగ్లస్ వెస్సన్ స్వయంగా దాన్ని తీసుకుని వయోమింగ్ రాష్ట్రానికి వేటకు పోయి, జింకజాతి పెద్ద జంతువులను కొట్టి వచ్చాడు. కొన్న ప్రతివారికీ నమోదు పత్రం ఇచ్చేవారు. మొదటి తుపాకీ ఎఫ్.బి.ఐ. అధిపతి ఎడ్గార్ హూవర్‌కు వెళ్లింది. అయితే అమ్మేవాడే వేటాడి బాగుందని చెప్పడం ఎంతవరకు పరీక్ష అవుతుంది? బిల్లు రాసినవాడే తనిఖీ సంతకం పెడితే మన ఆడిటువారు ఊరుకునేవారా?

అమ్మకంతో సంబంధం లేకుండా పరీక్షలు చేసినవాడు ఎల్మర్ కీత్. 1899లో మిస్సోరీలో పుట్టాడు. పన్నెండేళ్ల వయసులో హోటలు అగ్నిప్రమాదంలో ఒళ్లు కాలి చెయ్యి వంకరపోయినా, ఆ చేతినే సరిచేయించుకుని గుళ్లు పేల్చడం నేర్చాడు. పశువులకాపరి, వేటగాళ్లకు దారి చూపే మనిషి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆగ్డెన్ ప్రభుత్వ ఆయుధాగారంలో తనిఖీదారుగా పనిచేసి, తాను చూసిన తుపాకీలమీద ముద్ర వేసేవాడు. అంటే కొంతకాలం మన బోటివాడే.

1925 జూలై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవం నాడు, సంబరంగా పేలుస్తుండగా ఆయన .45 కోల్టు రివాల్వరు సిలిండరు పగిలిపోయింది. తూటాల్లో మామూలుకంటే బరువైన గుండు, నిండా మందు పెట్టుకున్నాడు. ప్రాణం దక్కింది. ఇంకొకరైతే తుపాకీ చేసినవాణ్ణి తిట్టి ఊరుకునేవారు. కీత్ కారణం వెతికాడు. సిలిండరు సైజు ఒకటే అయినప్పుడు .45 తూటాకు పెద్ద రంధ్రం తొలిచినందువల్ల పక్కగోడ పలచనవుతుంది. .44కు రంధ్రం కాస్త చిన్నది, గోడ దళసరి. ఆ కొద్దిపాటి ఇనుము కోసం ఆయన .44 స్పెషల్‌కు మారాడు. ముందుభాగం చదునుగా, అంచు పదునుగా ఉండే గుండుకు అచ్చు గీయించాడు. పాతికేళ్లకు పైగా ఆ తూటాలు కాల్చి, ఫలితాలు పత్రికల్లో రాస్తూ, కంపెనీలకు ఉత్తరాలమీద ఉత్తరాలు పెట్టాడు. పాత తుపాకీలు పేలిపోతాయని కంపెనీలు భయపడ్డాయి. ఆ భయం న్యాయమైనదే అని నా అభిప్రాయం. చివరకు రెమింగ్టన్ వారు డొల్లను మళ్లీ ఎనిమిదోవంతు అంగుళం పొడిగించారు. 1955 డిసెంబరు ఆఖరుకు .44 మాగ్నమ్ మొదటి తుపాకీ తయారై, 1956లో బజారుకొచ్చింది. 1971లో ‘డర్టీ హ్యారీ’ సినిమా చూసి ఎగబడి కొన్నవారిలో ఎందరు వేటకు పోయారో!

ఇక్కడ తూకం సంగతి ఒకటి చెప్పాలి. గుండు బరువు గ్రెయిన్లలో లెక్కిస్తారు. మన పాత తులం 180 గ్రెయిన్లు. కనుక .44 మాగ్నమ్ వారి 240 గ్రెయిన్ల గుండు తులమూ మూడోవంతు. మొదట ప్రకటనల్లో దానికి సెకనుకు 1,470 అడుగుల వేగం, 1,150 ఫుట్ పౌండ్ల శక్తి అని వేసేవారు. తరువాతి పట్టికల్లో అదే బరువు గుండుకు 1,180 అడుగులు, 741 ఫుట్ పౌండ్లే కనిపిస్తాయి. ఏమైంది? రివాల్వరులో సిలిండరుకూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు వాయువు కొంత అందులోంచి పోతుంది. పాత పరీక్షలు సందు లేని గొట్టంలోనూ, పొడవాటి గొట్టంలోనూ చేసేవారు. తరువాత సందు పెట్టిన నాలుగంగుళాల గొట్టంలో కొలవడం మొదలయింది. వేగం వర్గంతో శక్తి మారుతుంది గనుక వేగంలో ఐదోవంతు తగ్గితే శక్తిలో మూడోవంతుకు పైగా ఎగిరిపోతుంది. ఇంట్లో పెట్టుకునే వేగమాపకాలు చవకగా దొరకడం మొదలయ్యాక మామూలు వేటగాడు తన తుపాకీని తానే కొలుచుకున్నాడు. కాగితంమీది అంకె తన చేతిలో రావడంలేదని అప్పుడు తెలిసింది. అంచనా వేరు, కొలతల పుస్తకం వేరు అని మన పబ్లిక్ వర్క్స్ మిత్రులకు నేను చెప్పాలా!

వేగం తేలినా జంతువు ఒంట్లో ఏమవుతుందన్నది మిగిలిపోయింది. 1904లో అమెరికా సైన్యం తరఫున థాంప్సన్, లగార్డ్ అనే అధికారులు షికాగో కబేళాలో పశువులమీదనే కాల్చి చూశారు. చదవడానికే కష్టమనిపించింది. పైగా కొద్ది పశువులతో పెద్ద తీర్మానం చేశారు. నయమేమిటంటే, తరువాతివారు తడిపిన పాత పత్రికల కట్టలు, టెలిఫోను డైరెక్టరీలు, ఆపైన జెలటిన్ దిమ్మెలు వాడారు. పదిపాళ్ల జెలటిన్‌ను నాలుగు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంచి కాలిస్తే గుండు ఎంత లోతు పోయిందీ, ఎంత విచ్చుకుందీ కళ్లకు కనబడుతుంది. విచ్చుకునే గుండు కథ కలకత్తా పక్కన డమ్‌డమ్ కర్మాగారంతో ముడిపడింది. 1899లో హేగ్ సమావేశం దాన్ని యుద్ధంలో నిషేధించింది. వేటలో మాత్రం, జంతువు గాయంతో రోజుల తరబడి తిరగకుండా త్వరగా చావాలని, దానినే మంచిదంటారు. మనిషికి క్రూరమైనది మృగానికి దయ అయింది. ఆలోచించవలసిన విషయమే.

తరువాత పోటీ పెరిగింది. ఉటా రాష్ట్రపు డిక్ కాసుల్ 1950లలోనే .454 తూటా రూపొందించాడు. గోడ దళసరిగా ఉండడానికి సిలిండరులో ఆరు గదులకు బదులు ఐదే పెట్టాడు. కీత్ తుపాకీ ఎక్కడ పగిలిందో అక్కడే ఈయన మరమ్మతు మొదలుపెట్టాడన్నమాట. ఆ తూటాకు తగిన తుపాకీ 1983లో గాని బజారుకు రాలేదు. పాత .45 కోల్టుకు అనుమతించిన ఒత్తిడి చదరపు అంగుళానికి 14,000 పౌండ్లయితే దీనికి 65,000. 2003లో స్మిత్ అండ్ వెస్సన్ వారు .500 మాగ్నమ్ తెచ్చారు. తుపాకీ రెండు కిలోలు, గుండు రెండున్నర తులాలకు పైన కూడా ఉంటుంది, శక్తి 2,500 ఫుట్ పౌండ్ల దరిదాపు. అది వెనక్కు తన్నే తన్నుకు మణికట్టు జివ్వుమని, పేల్చేముందే కళ్లు మూసుకునేవాళ్లున్నారట. కళ్లు మూసుకుని కాల్చినవాడి గుండు జంతువు పొట్టలో తగులుతుంది. ఏ యంత్రమూ ఈ లెక్క చూపదు. అందుకే అనుభవజ్ఞులు రివాల్వరు వేటలో నూరు గజాలు దాటవద్దంటారు.

అలా అంటున్నప్పుడల్లా ఎవరో ఒకరు కీత్ కొట్టిన దుప్పి సంగతి ఎత్తుతారు. ఇడాహో కొండల్లో ఆరువందల గజాల దూరాన ఉన్న దుప్పిని .44 మాగ్నమ్‌తో కొట్టానని ఆయన రాశాడు. అంత దూరంలో గుండు పదుల అడుగులు కిందికి జారిపోతుంది. చాలామంది అబద్ధమన్నారు. ఆయన నేలమీద వాలి, ముందు గుళ్లు ఎక్కడ దుమ్ము లేపాయో చూసుకుంటూ గురి ఎత్తుకుంటూ పోయాడు. తగిలింది చివరి గుళ్లలోనే. కొలబద్దతో కొలిచినవారు లేరు, సాక్షి పక్కనున్న వేటగాడొక్కడే. ఆ దుప్పి అప్పటికే ఆ వేటగాడి రైఫిలు దెబ్బ తిని తప్పించుకుపోతోంది, దాన్ని గాయంతో వదలలేకనే కాల్చానని కీత్ చెప్పాడు. వాదన ఇరవై ఏళ్లకు పైగా సాగింది. 1979లో ఆత్మకథ వేసినప్పుడు దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం ‘అక్కడున్నది నేనయ్యా!’ అని.