పరిగె ఏరుకొనబోయిన మనవారు: రంగము మొదలు కువైటు వరకు

రూతు మోయాబునుండి బేత్లెహేమునకు వచ్చినపుడు ఆమెకు దొరికిన మొదటి పని పరిగె ఏరుకొనుట. పరాయి దేశము, పరాయి చేను, కోతకాండ్ర వెనుక నడక. వరిచేల మధ్య పుట్టిన కోనసీమవారికి ఆ పని ఎట్టిదో వివరింపనక్కరలేదు. అయితే రూతునకు ఒక మేలు ఉండెను. ఆ పని కొరకు ఆమె ఎవరియొద్దను అప్పు చేయలేదు. మన ప్రాంతమునుండి కూలికై సముద్రము దాటినవారు మాత్రము, నూరేండ్ల క్రిందటనైనను నిన్న మొన్ననైనను, పనిలో చేరక మునుపే అప్పుపడిరి. ఈ శతవార్షిక సంచికలో మిషనెరీలను గూర్చియు, గుడులను, బడులను గూర్చియు అనేకులు వ్రాయుదురు. నేను ఆ అప్పును గూర్చి వ్రాయదలచితిని.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. గన్నవరము అక్విడక్టు వైనతేయ పాయ మీదుగా రాజోలు వైపు లంకలకు నీరు చేర్చినది. భూమి గలవారి ఇంట ధాన్యము నిండెను. భూమి లేని పాలేరునకు మాత్రము ఊడ్పులు, కోతలు పోగా తక్కిన నెలలు ఎప్పటివలెనే గడిచెను. మన సంఘములలో మొదట చేరిన కుటుంబములలో ఎక్కువ ఇట్టివే.

ఆ దినములలో బర్మా పిలిచెను. మనవారు రంగూనును రంగము అనెడివారు. గోదావరి, విశాఖపట్నము, గంజాము జిల్లాల కూలీలు కాకినాడ మొదలగు రేవులనుండి స్టీమరు డెక్కు మీద పోయెడివారు. గౌతమి దాపున నున్న కోరంగి రేవు పేరిట బర్మాలో తెలుగువారందరికి ‘కోరంగీలు’ అని పేరు పడెను. అది గౌరవముగా పిలిచిన పేరు కాదు. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పది లక్షలకు పైబడిరి. రంగూను పట్టణములోని నాలుగు లక్షల జనములో సగముకంటె ఎక్కువ భారతీయులే.

అక్కడ పని దొరకుట కష్టము కాదు. బియ్యపు మిల్లు, ఓడరేవు, రిక్షా, వీధులూడ్చు పని: ఏదో ఒకటి దొరికెడిది. కష్టమంతయు మేస్త్రీతోనే. ఊరికి వచ్చి, టిక్కెట్టు ఖర్చును, ఇంటివారికి కొంత రొక్కమును అడ్వాన్సుగా ఇచ్చి ముఠాను కట్టుకొని పోవువాడు అతడే. ఓడరేవులో కంపెనీ ఇచ్చు కూలి స్టీవెడోరు, పెద్ద మేస్త్రీ, ముఠా మేస్త్రీ చేతులు దాటి, ప్రతి చేతిలోను కొంత తరిగి, చివరకు బస్తా మోసినవానికి అందెను. ఒక్క గదిలో అనేకులు పండుకొని, కూడి వండుకొని, మిగిలినది మనియార్డరు చేసెడివారు. లాబాను యాకోబు జీతమును పది మార్లు మార్చెనని చదువుదుము గదా. కనీసము అక్కడ మధ్యవర్తులు లేరు!

1930 మే నెలలో రంగూను రేవు కూలీలు జీతము పెంచుమని సమ్మె చేయగా వారి స్థానములో బర్మీయులను పెట్టిరి. సమ్మె ముగియగనే ఆ బర్మీయులను పంపివేసిరి. పేదవానిని పేదవాని మీదికి తోలినట్లయి అల్లరులు రేగి, నూరుమందికి పైగా చనిపోయిరి. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూను మీద బాంబులు వేయగా, లక్షలాది జనులు అరకాను, మణిపురము కొండదారులను పట్టిరి. కలరాతోను మలేరియాతోను వేలమంది దారిలోనే రాలిపోయిరి.

గల్ఫు కథలో బయలుదేరినవారు ఎక్కువమంది స్త్రీలు. చమురు ధర పెరిగిన 1970ల తరువాత కువైటు, మస్కటు, దుబాయి ఇండ్లలో వంటకు, పిల్లల పెంపకమునకు మనుష్యులు కావలసివచ్చిరి. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి, అమలాపురము ప్రాంతముల తల్లులు బిడ్డలను అమ్మమ్మలకు అప్పగించి విమానమెక్కిరి. మేస్త్రీ స్థానమునకు ఏజెంటు వచ్చెను. ఈసారి అడ్వాన్సు ఇచ్చువాడు కాదు, పుచ్చుకొనువాడు. పుస్తెలు తాకట్టు పెట్టియో, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చియో అతనికి కట్టవలెను. మొదటి యేడాది జీతము ఆ అప్పునకే పోయిన ఇండ్లు అనేకము. ‘కువైటు డబ్బు’ అని హోటలు బల్ల యొద్ద తేలికగా మాటలాడువారు ఈ లెక్క వేయరు.

ఇంటిలో ఉండి పనిచేయునామెకు తిండియు నీడయు యజమానివే. కాని అఖామా కాగితము కఫీలు పేరిట ఉండును. అతడు చెడ్డవాడైతే ఆమెకు వేరు దారి లేదు. పారిపోయినామెను మనవారు ‘ఖల్లివల్లి’ అందురు. ఆమె ఫ్లాట్లలో గంటల లెక్కన పనిచేసి ఎక్కువే సంపాదించును. అయితే గది అద్దె, తిండి, మందులు తనవే. పోలీసు భయము సరేసరి. 1983 ఎమిగ్రేషను చట్టము క్రింద వచ్చిన నియమములు 30 యేండ్లు నిండని స్త్రీకి ఇంటిపనికి అనుమతి నిరాకరించినవి. మంచి ఉద్దేశమే. ఆకలి మాత్రము వయస్సు చూడదు గనుక, ఏజెంట్లు వయస్సు మార్చియో విజిటు వీసా మీదనో పంపిరి. అట్లు వెళ్ళినామె పేరు ఏ కార్యాలయములోను నమోదు కాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాకు కువైటును ఆక్రమించెను. జోర్డానులోని అమ్మానునుండి ఎయిర్ ఇండియా విమానములు ఇంచుమించు 1,70,000 మంది భారతీయులను ఇల్లు చేర్చినవి. ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘము తరువాత వారికి సొమ్ము చెల్లించినది. బర్మానుండి నడిచి వచ్చినవారికి అట్టిదేమియు లేదు. ఇక 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చినది. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు యేండ్లు పట్టును. కాయ దింపు, పీచు తీయు కూలి అంతవరకు ఆగునా?

2015లో కువైటు 68వ నంబరు చట్టము చేసి, ఇంటిపనివారికి వారమునకొక సెలవు, పాస్పోర్టు తమ యొద్దనే ఉంచుకొను హక్కు ఇచ్చెను. మరుసటి యేట కనీస జీతము 60 దీనారులని నిర్ణయించిరి. అక్కడ సెలవు శుక్రవారము గనుక ఆరాధనయు ఆ దినముననే ఎక్కువ. కువైటు పట్టణములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘములతోపాటు తెలుగువారును కూడుదురు. శుక్రవారము సెలవు దొరకని తల్లి వంటగదిలోనే పాడుకొనును.

మన గుడుల ఫ్యానుల మీద, మైకుల మీద ‘కువైటు నుండి కానుక’ అని రంగుతో వ్రాసిన అక్షరములు మీరును చూచియుందురు. శిలాఫలకము మీద కమిటీవారి పేర్లు ఉండును. ఫ్యాను మీది అక్షరములు రెండు సున్నములకు చెరిగిపోవును. ప్రతి సంఘము తన రిజిస్టరులో ఒక పుట విడిచి, ఎవరు ఏ యేట ఏ దేశమునకు వెళ్ళిరో, ఎంత అప్పుతో వెళ్ళిరో, అది ఎప్పుడు తీరెనో వారినే అడిగి వ్రాయవలెనని నా మనవి. మొదట వెళ్ళినవారిలో చాలామందికి ఇప్పుడు డెబ్బది యేండ్లు దాటినవి.