చిగురు పన్ను నుంచి మామిడి తాండ్ర దాకా

వేసవి సెలవులయ్యాక పిల్లలు హాస్టలుకు తిరిగి వచ్చినప్పుడు వాళ్ల పెట్టెలు ఒకసారి తెరిచి చూస్తాం. మేము ఈ పనిలో చేరిన కొత్తలో చాలా పెట్టెల్లో అడ్డాకులో చుట్టిన మామిడి తాండ్ర, ఉప్పు పట్టించిన ఒరుగులు, కాల్చుకు తినడానికి పనస గింజలు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి చిప్స్ ప్యాకెట్లు, కూల్ డ్రింక్ సీసాలు. ఒక ఏడు ఒక పాప తన తాండ్రను బట్టల కింద దాచుకుంది. ఎందుకని అడిగితే, "నవ్వుతారు మేడమ్" అంది. ఆ పాపకు చెప్పాల్సిన చరిత్రే ఈ వ్యాసం.

మా కొండరెడ్ల ఊళ్లలో ఇంటి చుట్టూ ఉండే మామిడి, పనస, చింత, జీలుగు చెట్లను తోట అని ఎవరూ పిలవరు. కానీ ఫలానా చెట్టు ఫలానా తాత నాటాడని అందరికీ తెలుసు. మామిడి పండగ చేసి, కొత్త పెట్టేదాకా కాయ ముట్టరు. అప్పటికి టెంక ముదురుతుంది, కాయ వృథా కాదు అని మా పెద్దవాళ్లు చెబుతారు. పండగ అయ్యాక ఇంటిల్లిపాదికీ పనే. పచ్చికాయ ఒరుగులవుతుంది. పీచు పండు రసం తాటాకు చాప మీద పొర మీద పొరగా ఎండి తాండ్ర అవుతుంది. టెంక పగలగొట్టి తీసిన జీడిని బుట్టలో పోసి, వగరు పోయేదాకా పారే వాగులో ఉంచి, ఎండబెట్టి దంచితే అంబలికి పిండి. తడి తగిలి బూజు పట్టిన జీడి ప్రాణం తీస్తుందని మన అవ్వలకు తెలుసు. వాసన చూసి పారబోసేవారు. వానల్లో గింజలు నిండుకున్నప్పుడు ఇల్లు గడిచింది ఈ నిల్వలతోనే.

జీలుగు సంగతి వేరు. నాటిన పది పదిహేనేళ్లకు గానీ గెల వెయ్యదు. గెలలు పై నుంచి కిందికి ఒక్కొక్కటిగా వేస్తూ, కొన్నేళ్లు కల్లు ఇచ్చి, ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. ఆ మాను చీల్చి, లోపలి గుజ్జు దంచి, నీళ్లలో కడిగి తేర్చితే పిండి దిగుతుంది. కరువు రోజుల్లో అదీ అన్నమే. 1945లో అచ్చయిన హైమెండార్ఫ్ పుస్తకం 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్'లో మన జీవితంలో జీలుగుకున్న చోటు కనిపిస్తుంది.

ఈ చెట్టు మీదే పన్ను పడింది. రంప మున్సబుదారు కల్లు గీతకు 'చిగురు పన్ను' వసూలు చేసేవాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వపు కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి అవసరానికి కూడా కల్లు గీయకూడదన్నారు. ఆ హక్కును మైదానపు కాంట్రాక్టర్లకు పాటపెట్టారు. అప్పుల పేరుతో వర్తకులు కోర్టుల ద్వారా పశువులను జప్తు చేయించడం అప్పటికే సాగుతోంది. 1879 మార్చిలో చోడవరం దగ్గర మొదలైన రంప తిరుగుబాటు భద్రాచలం వైపు, విశాఖ కొండల్లోకి పాకింది. అణచడానికి సైన్యాన్ని దించారు. చివరికి మున్సబుదారీని రద్దు చేసి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. పుస్తకాల్లో ఇదంతా 'రంప పితూరీ' అనే రెండు మాటల్లో ముగుస్తుంది. మన పెరటి చెట్టు మీద హక్కు ఎవరిదన్నదే ఆ రెండు మాటల వెనకున్న ప్రశ్న.

ఇది కల్లును పొగడటం కాదు. తాగుడు ఇంటిని ఏం చేస్తుందో హాస్టల్ పిల్లల మొహాల్లో మేము రోజూ చూస్తున్నాం. అయితే పండగకు పదిమంది పంచుకునే కుండ వేరు, కాంట్రాక్టరు తెచ్చి అమ్మే సీసా వేరు. మత్తు పదార్థాల నిషేధం, నియంత్రణ విషయంలోనూ, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యంలోనూ గ్రామసభకు అధికారం ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆ అధికారాన్ని ముందుగా వాడుకోవాల్సింది ఆడవాళ్లమే.

ఇప్పుడు పాటదారు లేడు, బయానా ఉంది. మామిడి పూత మీదుండగానే షావుకారు చేతిలో డబ్బు పెడతాడు. ఆ ఏడు కాయంతా అతనిదే. మరి తాండ్రకు పండెక్కడిది? ఇంట్లో తాండ్ర వెయ్యకపోతే కూతురికి ఆ పని ఎలా వస్తుంది? 1879లో బలవంతంగా లాక్కున్నదాన్ని ఈరోజు అవసరం కొద్దీ మనమే ఇచ్చేస్తున్నాం.

అందుకే మా మనవి. బయానా తీసుకున్నా ఇంటికి ఒక్క చెట్టు మినహాయించండి. జీలుగు మాను కొట్టిన చోట ఒక మొక్క నాటండి. పట్నాల్లో చదువుకుంటున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని తాండ్ర, ఒరుగులు, టెంక పిండి చేసే తీరు రాసుకోండి. జూన్‌లో హాస్టలుకు వచ్చే పిల్లల పెట్టెలో తాండ్ర చుట్ట ఒకటి పెట్టి పంపండి. అది దాచుకోవాల్సిన తిండి కాదని చెప్పే బాధ్యత మాది.